కలివి కోడి కోసం పట్నంలో నాలుగు రోజులు

సంక్రాంతికి జనమంతా హైదరాబాద్ వదిలి ఊళ్ళకు వస్తారు. మేము వాళ్ళకు ఎదురు పోయాం. అల్లుడికి సెలవు దొరకలేదు. పిల్లవాణ్ణి తీసుకుని ఒక్కతే రాలేనంది మా అమ్మాయి. "ఈసారి మీరే రాండి నాయనా" అని ఫోన్లో అనేసరికి మా ఆవిడ నిప్పట్లకు పిండి కలిపేసింది. ఎదురుగా వచ్చే బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు, మేమెక్కిన దాంట్లో మాత్రం కాళ్ళు చాపుకుని పడుకున్నాం.

నాకు ఇంకో పని కూడా ఉండింది. మనవడికి తొమ్మిదేళ్ళు. అమ్మానాన్నల ఊరి గురించి ఏదైనా ఒక విషయం చార్టు మీద రాసుకుని రమ్మన్నారట బళ్ళో. వాడు ఫోన్లో వెతికి నన్ను అడిగాడు: "తాతా, మీ ఊరి పక్కన చచ్చిపోయిన పిట్ట మళ్ళీ బతికిందంట కదా?"

కడప జిల్లా బద్వేలు, సిద్ధవటం చుట్టుపక్కల బళ్ళలో ముప్పై ఏడేళ్ళకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి. నిరుడే రిటైరయ్యాను. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చచ్చిపోలేదురా, ఆ కలివి కోడి ఎప్పుడూ మా లంకమల అడవిలోనే ఉంది అని చెప్పాలి వాడికి. ఫోన్లో కాదు, పక్కన కూచోబెట్టుకుని చెప్పాలి. బొమ్మో, గొంతో, అడుగో ఏదో ఒకటి చూపించి మరీ చెప్పాలి.

జనవరి 11, శనివారం: అత్తాపూర్, చార్మినార్

కాచిగూడలో ఆటో మాట్లాడుకుంటూ కాలనీ పేరు చెప్పాను, పక్కనున్న గుడి పేరు చెప్పాను. "అవన్నీ కాదు పెద్దాయనా, పిల్లర్ నంబర్ చెప్పు" అన్నాడు డ్రైవరు. అత్తాపూర్ మీదుగా విమానాశ్రయం వైపు పోయే ఫ్లైఓవరుకు ఒక్కో స్తంభం మీద ఒక్కో అంకె ఉంటుంది. మా వైపు చింతమాను, రచ్చబండ, పాత చావడి ఎట్లాగో ఇక్కడ ఈ అంకెలు అట్లా. అమ్మాయికి ఫోన్ చేసి నంబరు కనుక్కుని చెప్పాను. 300 అడిగి 250కి వచ్చాడు. దిగేటప్పుడు మా ఆవిడ సంచీ అందుకుని మెట్ల దాకా తెచ్చిపెట్టాడు. ఆ తగ్గించిన 50 కూడా ఇచ్చేశాను.

మధ్యాహ్నం పైఅంతస్తు నుంచి ఒకావిడ స్టీలు గిన్నె నిండా సకినాలు తెచ్చి ఇచ్చింది. జగిత్యాల వైపు వాళ్ళట. నేను సకినాలు తిన్నాను గానీ చెయ్యడం ఎప్పుడూ చూడలేదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తోనే సన్నగా తిప్పుతూ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు పోస్తారట. కాసేపు ఆరినాక నూనెలో వేస్తారు. మెలిక తెగకుండా తిప్పడానికి చెయ్యి తిరగాలి. "మా అత్త తిప్పితే చూడాలె పెద్దమ్మా, నాదేముంది" అందామె. కొరికితే ఫట్‌మని విరిగి నువ్వుల వాసన వచ్చింది.

గిన్నె కడిగి ఇయ్యబోతే మా ఆవిడ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. "పండగ పూట ఉత్త గిన్నె ఎట్లిస్తావే?" అని నాలుగు నిప్పట్లు, రెండు కజ్జికాయలు పెట్టి పంపింది.

ఆ 'ఉత్త' అనే మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మనవణ్ణి పిలిచి కూచోబెట్టి కథ అక్కణ్ణుంచే ఎత్తుకున్నాను.

జెర్డాన్ అని ఒక దొర. మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో పనిచేశాడు. పిట్టలంటే పిచ్చి ఆయనకు. ఆయన పంపిన ఈ పిట్టను కలకత్తాలో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు 1848లో లోకానికి పరిచయం చేశాడు. అందుకే ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. ఆ దొర మనవాళ్ళను అడిగి తెలుగు పేరు కూడా రాసుకున్నాడు, 'అడవి ఉత్త తిత్తి' అని. తిత్తి అంటే తోలు సంచి. కొలిమి తిత్తి, ఊపిరితిత్తి అంటాం కదా, ఆ తిత్తే. అడవిలోని ఖాళీ సంచి అని ఆయన అర్థం చెప్పుకున్నాడు. మేం కలివి కోడి అంటాం. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి.

"ఖాళీ సంచి అని ఎందుకన్నారు తాతా? లావుగా ఉండదా?"

జవాబు నా దగ్గర లేదు. ఇన్నేళ్ళు తెలుగు చెప్పిన నాకు ఆ పేరెందుకొచ్చిందో ఆలోచించాలని ఎప్పుడూ తోచలేదు.

సాయంత్రం చార్మినార్ పోయాం. నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్‌కి 20 రూపాయలు తీసుకున్నారు. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి సరిగ్గా ఎంతసేపటికి తియ్యాలో మనవడికి తెలుసు, నాకు తెలీక రెండు పోగొట్టుకున్నాను. అక్కణ్ణుంచి లాడ్ బజారు దాటి ముర్గీ చౌక్. పండగ ముందురోజులు కదా, కోళ్ళ గంపలతో దారి నిండిపోయి ఉంది. మెడ నిక్కించి నిలబడ్డ అసీల్ పుంజు ధర అడిగితే, నా చొక్కా చూసి నవ్వి "దేఖ్‌నే కా పైసా నహీ లగ్తా సాబ్" అన్నాడు కుర్రవాడు. చూడ్డానికి డబ్బులక్కర్లేదట.

ఆ వరసలో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు పావురాలకు జొన్నలు చల్లుతున్నారు. ఆయనకు ఫోన్లో కలివి కోడి బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. "తీతర్ కాదు. తీతర్‌కు ఇంత పొడుగు కాళ్ళుండవు" అన్నారు చక్కటి తెలుగులో. "ఎక్కడిది?" కడప జిల్లా అన్నాను. "ఇది చేతికొస్తే అమ్మేది కాదు, వదిలేసేది" అని ఫోను వెనక్కిచ్చారు. తర్వాత మనవడి దోసిట్లో గుప్పెడు జొన్నలు పోశారు. పావురం వచ్చి వాడి మణికట్టు మీద వాలింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

తీతర్ అంటే కౌజు పిట్ట. ఆటోలో వస్తూ మనవడు ఆ పేరు పాటలా అనుకుంటూ వచ్చాడు, తీతర్ తీతర్ తీతర్ అని.

జనవరి 12, ఆదివారం: ఆబిడ్స్

ఆదివారం ఆబిడ్స్‌లో అంగళ్ళన్నీ మూసి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ముప్పై ఏళ్ళ కిందట బి.ఇడి. స్నేహితుడితో వచ్చినప్పుడు ఇక్కడే ఒక నిఘంటువు కొన్నాను. అప్పటికన్నా ఇప్పుడు పోటీ పరీక్షల పుస్తకాలు ఎక్కువ. పండగకు ఊరు ఖాళీ అయ్యింది కాబట్టి నిదానంగా నడవగలిగాం. నేను వెతికేది పుస్తకం కాదు, తపాలా బిళ్ళ. 1988లో మన తపాలా శాఖ కలివి కోడి మీద ఒక బిళ్ళ వేసింది.

మొదట తప్పుదారి పట్టాం. జనరల్ పోస్టాఫీసుకు పోదాం, అక్కడ పాతవి దొరుకుతాయని నేనే పట్టుబట్టాను. ఆదివారం అన్న సంగతి గేటు ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. మనవడు ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాడు.

నాణేలు, బిళ్ళలు పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపించారు. మొదటాయన దగ్గర గాంధీ, నెహ్రూ, రాకెట్లు. రెండో ఆయన "బర్డ్సా?" అని అట్టపెట్టె తెరిచాడు. ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో నెమలి, కొంగ, బట్టమేక పిట్ట. ఆఖరు పేజీలో ఒక మూల అది.

నా బొటనవేలి గోరు రెండు పెడితే కప్పేసేంత కాగితం. వాడిన బిళ్ళ, తపాలా ముద్ర నల్లగా అర్ధచంద్రంలా ఒక పక్క పడింది. కానీ పిట్ట మీద పడలేదు. ఛాతీ మీద రెండు గోధుమరంగు పట్టీలు, మధ్యలో తెలుపు. కంటి మీదుగా తెల్లటి చార. నిజమైన పిట్ట జానెడు పైన కొంచెం ఉంటుంది, 27 సెంటీమీటర్లు. భూతద్దం అడిగి తీసుకుని ఎండకు తిప్పి చూశాను. మనవడు నా భుజం మీదుగా వంగి, "తాతా, నువ్వు దీన్ని చూశావా, నిజంది?" అన్నాడు.

చూడలేదు. ఆ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. 1986 జనవరిలో అది దొరికినప్పుడు నాకు 23 ఏళ్ళు, బళ్ళో కొత్తగా చేరాను. 1900లో అనంతపురం దగ్గర క్యాంబెల్ అనే దొర చూసిందే ఆఖరు. తర్వాత 86 ఏళ్ళు ఏ శాస్త్రజ్ఞుడికీ కనబడలేదు. వెతికినవాళ్ళు లేక కాదు, వెతికారు. లేదు పొమ్మని పుస్తకాల్లో రాసేశారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే ఆయన కడప జిల్లాకు వచ్చి, పిట్ట బొమ్మ చూపించి ఊరూరా మనుషుల్ని అడిగాడు. చూశామన్న వాళ్ళు దొరికారు. చివరికి రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట అడవిలో టార్చి వేసుకుని తిరిగే మనిషొకడు దాన్ని చేత్తో పట్టుకొచ్చాడు. పాపం, ఆ పిట్ట దక్కలేదు. బొంబాయిలో భద్రంగా దాచారు.

పగలంతా పొదల కింద కదలకుండా పడుకునే పిట్టను పగలు వెతికితే ఎక్కడ దొరుకుతుంది? రాత్రి అడవిలో నడిచేవాళ్ళకు తెలుసు దాని సంగతి. వాళ్ళను అడగడానికే 86 ఏళ్ళు పట్టింది.

మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే అది పోలేదు, మనమే చూడలేదు" అన్నాడు. దాన్నే చార్టు మీద రాయి అన్నాను.

బిళ్ళకు 100 చెప్పాడు. నేను 40 అన్నాను. "సార్, మీరు కడపోళ్ళా? మాది ప్రొద్దుటూరు" అన్నాడు. అంతే, 60కి ఇచ్చి పైన బట్టమేక పిట్ట బిళ్ళ ఒకటి ఉచితంగా పెట్టాడు. ఆయన ఊరికి పోయి రెండేళ్ళయిందట. ప్రొద్దుటూరులో ఈ మధ్య వానలెట్లా ఉన్నాయని అడిగాడు.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడితో చిన్న వాదన. రాగి సంగటి, చెనక్కాయ పచ్చడి. "మామా, పిట్ట కోసం తెలుగు గంగ కాలువనే తిప్పారంట కదా. ఎంత ఖర్చు, ఎంత ఆలస్యం?" అన్నాడు. నిజమే. కృష్ణ నీళ్ళు మోసుకుపోయే ఆ కాలువ తవ్వకం కలివి కోడి పొదల దాకా వచ్చింది, తర్వాత దారి మార్చారు. మా చిన్నాన్న పొలం ఆ నీళ్ళ కోసమే ఎదురుచూసింది. నేను అల్లుణ్ణి తప్పు పట్టలేను. మా నీళ్ళ కరువు వాడికీ తెలుసు, వాడిదీ మైదుకూరు పక్క పల్లే. కానీ ఆ పిట్టకు లోకంలో ఇంకో ఊరు లేదు. ఒకప్పుడు నెల్లూరు, అనంతపురం, గోదారి పక్కన భద్రాచలం దాకా ఉండేది. ఇప్పుడు మిగిలింది మా గుట్టల కింది ముళ్ళపొదలే. మరీ చిక్కటి అడవి పనికిరాదు, బోడి మైదానమూ పనికిరాదు, పొదకూ పొదకూ మధ్య నడిచే జాగా ఉండాలి. అట్లాంటి చోటే నిమ్మతోటలకూ బాగుంటుంది, మేకలకూ బాగుంటుంది. అదీ చిక్కు. కాలువకు రెండు దారులున్నాయి, దానికి లేదు అన్నాను. అల్లుడు ఇంకో ముద్ద సంగటి వేసుకుని, "అది సరే మామా" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలీదు.

జనవరి 13, సోమవారం, భోగి: వరండా ముగ్గు, అమీన్‌పూర్ చెరువు

తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ గేటు ముందు చిన్న మంట వేశారు. నాలుగు విరిగిన కుర్చీలు, ఒక పాత తలుపు. వాచ్‌మన్ వనపర్తి మనిషి, మంట ఆరిపోకుండా చూసే బాధ్యత ఆయనదే. అందరూ ఫోటోలు తీసుకుని పైకి పోయినాక ఆయనా నేనూ మిగిలాం. చలి కాచుకుంటూ వాళ్ళ ఊరి భోగి మంటల గురించి చెప్పాడు.

మా అమ్మాయి ఐదో అంతస్తు వరండాలో బియ్యప్పిండితో చుక్కల ముగ్గు వేసింది. గంట తర్వాత మనవడు అరుచుకుంటూ వచ్చాడు. "తాతా, కలివి కోడి వచ్చింది!"

పోయి చూస్తే ముగ్గు మీద పావురాలు నడిచిన అడుగులు. పిండిలో అచ్చుగుద్దినట్టు పడ్డాయి. ముందుకు మూడు వేళ్ళు, వెనక్కి ఒకటి. ఆ వరస పక్కనే ఇంకో వరస, దాని కుడికాలికి మూడే వేళ్ళు, వెనక వేలు లేదు. కలివి కోడికి మూడే వేళ్ళుంటాయని ముందురోజు రాత్రి నేనే చెప్పాను వాడికి. అది గుర్తు పెట్టుకున్నాడు. నాకెంత సంతోషమైందో.

వాడి పక్కన గొంతుకూర్చుని చూపించాను. ఎడమకాలికి నాలుగూ ఉన్నాయి చూడు. ఇది దారం చుట్టుకుని వేలు పోగొట్టుకున్న పావురం రా. వాడి మొహం వాడిపోయింది. అప్పుడు చెప్పాను, పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు చేసిన పనీ ఇదేనని. పిట్ట కంటికి కనబడదు కాబట్టి లంకమల పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, దువ్వి చదును చేసి, పొద్దున్నే పోయి ఏ అడుగులు పడ్డాయో చూసేవాళ్ళు. మూడు వేళ్ళ పిట్టలు వేరేవీ ఉన్నాయి కాబట్టి కొలిచి మరీ తేల్చుకునేవాళ్ళు. వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. మనవడు లోపలికి పోయి స్కేలు తెచ్చుకున్నాడు. పావురం అడుగు కొలిచి రాసుకున్నాడు. వాడి అవ్వ ముగ్గు తొక్కొద్దని అరుస్తున్నా వినలేదు.

మధ్యాహ్నం అల్లుడు సగం రోజు సెలవు పెట్టి కారు తీశాడు. అమీన్‌పూర్ పెద్ద చెరువు చూడాలని నా కోరిక. ఊరి నడుమ ఉన్న చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపునిచ్చారు, దేశంలో అట్లాంటి నగర చెరువుకు అదే మొదటిసారి. బీరంగూడ వైపు నుంచి పోయి దారి తప్పాం. ఫోన్ చూపించిన రోడ్డు తిన్నగా ఒక ప్రహరీ గోడకు తగిలింది. గోడ అవతల నీళ్ళు కనిపిస్తున్నాయి, పోయే దారి లేదు. చెనక్కాయలు వేయించే బండి ఆమెను అడిగితే, "కారు ఈడ్నే పెట్టి నడువుండ్రి, గా చింతచెట్టు కాడికెళ్ళి మల్లుండ్రి" అంది. చింతచెట్టు! పిల్లర్ నంబర్ల ఊళ్ళో నాకు అర్థమయ్యే దారి గుర్తు దొరికింది. 20 రూపాయల చెనక్కాయలు కొంటే కాగితం పొట్లం మీద ఇంకో గుప్పెడు వేసింది.

గట్టెక్కితే ఎదురుగా అంత నీరు. నామాల కోళ్ళు వందల్లో, నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి నామం. దూరంగా గులాబీ గీతలా రాజహంసలు. చెరువు చుట్టూ పది పన్నెండంతస్తుల భవనాల నీడలు నీళ్ళలో పడుతున్నాయి, ఆ నీడల్లోనే అవి మేస్తున్నాయి. గట్టు కింద చెత్త చూస్తే మనసు చివుక్కుమంది. ఎవరో ఆ రోజే పారేసిన పూల సంచులు.

మూడు కాళ్ళ స్టాండు మీద టెలిస్కోపు పెట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట, ఆదివారాలూ పండగలూ చెరువుల మీదే గడుపుతుందట. మనవణ్ణి చూసి స్టాండు కిందికి దించింది. వాడు కన్ను పెట్టి, ఊపిరి బిగబట్టి, "ముక్కు వంకరగా ఉంది!" అన్నాడు. రాజహంస తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి మేస్తోంది. తర్వాత వాడు జేబులోంచి బిళ్ళ తీసి ఆమెకు చూపించాడు.

ఆమె మొహం మారిపోయింది. "మీది ఆ ఊరా అంకుల్? నేను రెండుసార్లు వచ్చాను సిద్ధవటం. ఏమీ కనబడలేదు, వినబడలేదు" అంది. వాళ్ళ లోకంలో ఇలా మళ్ళీ దొరికిన పిట్టల పేర్లు చెప్పింది. 1884 తర్వాత కనబడకుండా పోయి 1997లో మహారాష్ట్రలో దొరికిన అడవి పైడికంటె, అదొక చిన్న గుడ్లగూబ. స్కాట్లాండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు ఉందట. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించింది. డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే 2013లో తేలింది, కలివి కోడి గుడ్డేనని. లోకంలో అదొక్కటే ఉందట. అంటే 1900 తర్వాత కూడా కోలార్ పక్కన అది గుడ్లు పెట్టుకుంటూనే ఉంది. ఆ సంగతి నాకు తెలీదు, నేను నేర్చుకున్నాను.

"దాని కూత వింటారా?"

నేను ఆమె వైపు చూశాను. ఆ కూత ఎట్లా ఉంటుందో 2000 తర్వాత గానీ శాస్త్రజ్ఞులకే తెలీలేదు. ఆ పిట్ట మీద పరిశోధన చేసిన జెగనాథన్ గారూ ఆయనతో ఉన్నవాళ్ళూ పొద్దుగూకినాక పొదల్లో కూచుని రికార్డు చేశారు. చీకటి పడుతూనే కాసేపు కూస్తుంది, అంతే. ఆమె ముందు ఒక మాట చెప్పింది. "మీ అడవిలో మాత్రం ఎప్పుడూ ప్లే చెయ్యొద్దు అంకుల్. ఇంకోటి వచ్చిందనుకుని కంగారు పడుతుంది. ఇక్కడ ఫర్వాలేదు, ఇక్కడ అది లేదు." సౌండు తగ్గించి ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

కీచురాళ్ళ రొద మొదట. తర్వాత ఆ రొదలోంచి రెండు ముక్కల కూత. మొదటిది పొట్టిగా తెగుతుంది, రెండోది కొంచెం సాగుతుంది. మళ్ళీ. మళ్ళీ. మళ్ళీ. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని 'ట్విక్-టూ' అని రాస్తారట.

నాకు ట్విక్-టూ వినబడలేదు. ఉత్త-తిత్తి, ఉత్త-తిత్తి అని వినబడింది.

ఇది నా ఊహే. శాస్త్రం కాదు, నిఘంటువులో లేదు. కానీ మన పిట్టల పేర్లు చూడండి. కాకి అని ఎందుకన్నాం? కోకిల అని ఎందుకన్నాం? సరిగ్గా అప్పుడే గట్టు మీదుగా ఒక తీతువు అరుచుకుంటూ పోయింది, దాని పేరు అదే చెప్పుకుంటూ. నెల్లూరు అడవుల్లో రాత్రిపూట తిరిగిన మనిషెవరో దొరకు పిట్ట పేరు చెప్పాడు. చెవికి వినబడిందే చెప్పాడు. దొర ఆ మాటలకు అర్థం వెతుక్కుని ఖాళీ సంచి అని రాసుకున్నాడు. ఆ గొంతు పేరు లోపలే ఉండిపోయింది. అంతకాలం మన నోట్లో ఉన్న పేరును ఎవరూ, నేను కూడా, బయటికి అని చూడలేదు.

ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె మళ్ళీ ప్లే చేసి కళ్ళు మూసుకుని వింది. "అవునంకుల్..." అంది. మనవడు అప్పటికే గట్టు మీద పరుగెడుతున్నాడు, ఉత్త తిత్తి ఉత్త తిత్తి అనుకుంటూ. నా ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అరవై రెండేళ్ళు లంకమల నీడలో బతికి, మా అడవి గొంతును ఇంత దూరం వచ్చి, భవనాల నడుమ, పరాయి పిల్ల ఫోన్లో విన్నాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆ అమ్మాయి చూసి, ఏమీ అనకుండా తన నీళ్ళ సీసా ఇచ్చింది.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి: మేడమీద

పొద్దున్నే పొంగలి, ఓళిగలు. పైఅంతస్తు ఆవిడ గిన్నె మళ్ళీ వచ్చింది, ఈసారి అరిసెలతో. మా ఆవిడ దాంట్లో ఓళిగలు పెట్టింది. మేం ఊరికి పోయేలోపు ఆ గిన్నె ఎన్నిసార్లు మెట్లెక్కి దిగిందో లెక్క లేదు.

పట్నంలో పండగ ఆకాశంలో ఉంటుంది. పదిగంటలకల్లా మేడలన్నీ నిండిపోయాయి. "కాట్!" అని ఒక మేడ మీంచి అరుపు, ఇంకో మేడ మీద డప్పు. పక్క మేడ కుర్రాడు నాకు గాలిపటం దారం చుట్టిన చరకా ఇచ్చి పట్టుకోమన్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, "ఢీల్ వదులు తాతా, ఢీల్!" అని రెండు గంటలు నాతో మాట్లాడాడు.

పన్నెండప్పుడు నీళ్ళ ట్యాంకు పక్కన పావురం పడింది. కాలికీ రెక్కకీ నైలాన్ మాంజా. ఆ దారం అమ్మకూడదని 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. అయినా గల్లీ చివర అంగట్లో ముందురోజు కూడా చూశాను, పిల్లలు కొంటున్నారు. ఫోన్లో దొరికిన సహాయ నంబరుకు రింగు పోతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. పండగ రోజు ఎన్ని ఫోన్లు వస్తుంటాయో వాళ్ళకు. చరకా కుర్రాడే తన చేతిరుమాలు పావురం తల మీద కప్పి మెత్తగా పట్టుకున్నాడు. మా అమ్మాయి గోళ్ళ కత్తెర తెచ్చింది. దారం చర్మంలోకి దిగిపోయి ఉంది, వెంట్రుకంత సన్నం, లాగితే తెగదు. ఒక్కో చుట్టు కింద కత్తెర మొన దూర్చి, పదకొండు చోట్ల కత్తిరించాను. వెనక వేలు నల్లబడింది, నిలవదనిపించింది. మనవడు పక్కనే కూచుని దాని వేళ్ళు లెక్కపెడుతున్నాడు. గంటసేపు అట్టపెట్టెలో ఉంచి మూత తీస్తే ట్యాంకు మీదికి ఎగిరి కూచుంది.

ఆ కుర్రాడు కిందికి పోయి తన మాంజా చుట్ట తీసేసి నూలుదారం తెచ్చుకున్నాడు. వాడి గాలిపటాన్ని వెంటనే ఎవరో కోసేశారు. ఇంకోటి కట్టాడు.

సాయంత్రం మనవడి చార్టు పూర్తయింది. బిళ్ళ ఒక మూల, పావురం అడుగు, కలివి కోడి అడుగు పక్కపక్కన. పైన రంగు పెన్సిల్‌తో వాడే పేరు పెట్టాడు: 'పోలేదు, మనం చూడలేదు'. కింద బ్రాకెట్లో ఉత్త తిత్తి.

బద్వేలు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. నిన్న మాపటేళ చెరువుకట్ట మీద గొర్రెలు తోలుకుపోయే పెద్దాయన కనిపించాడు. ఎనభై దాటింటాయి, లంకమల కింద ఆయన తిరగని జాగా లేదు. బీడీ ముట్టించుకుంటుంటే పక్కన కూచున్నాను. ఫోన్ తియ్యలేదు. పేరు చెప్పలేదు, బొమ్మ చూపించలేదు. నోటితో ఆ రెండు ముక్కలూ అన్నాను, విన్నది విన్నట్టు, మొదటిది తెంపి, రెండోది సాగదీసి.

ఆయన బీడీ నోట్లోంచి తీసి, నా వైపు తిరిగి, చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఇంగోసారి అను సారూ" అన్నాడు.